వాసన వచ్చాక కాదు, వారం రాగానే!

ఒక చిన్న పరీక్ష. ఇప్పుడే చేయాలి. టీ తాగాక, సీరియల్ అయ్యాక అంటే కుదరదు.

మీ కుక్క పడుకునే చోటికి వెళ్లండి. మోకాళ్ల మీద కూర్చోండి. రోజూ వాడు ఒళ్లు ముడుచుకుని పడుకునే చోట పరుపు కాస్త గుంటపడి ఉంటుంది చూడండి, అక్కడ ముక్కు పెట్టి గట్టిగా ఒక్కసారి గాలి పీల్చండి.

తల చటుక్కున వెనక్కి లాగేసుకున్నారా? మంచిదే. సమస్య తెలిసిపోయింది.

ఏ వాసనా రాలేదా? అప్పుడే సంబరపడొద్దు. రోజూ తగిలే వాసనను మన మెదడు కొన్నాళ్లకు పట్టించుకోవడం మానేస్తుంది. మీ ఇంటికి వచ్చిన చుట్టానికి గుమ్మంలోనే తెలిసిపోతుంది. మర్యాదకి చెప్పడు, అంతే. మీకు మాత్రం తెలియదు.

అందుకే ముందే ఒక రూల్ పెట్టుకుందాం. ముక్కు చెప్పేదాకా ఆగొద్దు. క్యాలెండర్ చెప్పగానే ఉతికేయండి. వాసన వచ్చిందంటే మీరు అప్పటికే లేటు!

కుక్క పరుపుకీ పర్సనాలిటీకీ ఏమిటి సంబంధం?

నవ్వొస్తోందా? నవ్వండి. నవ్వాక చదవండి.

2014లో అమెరికా నేవీ అడ్మిరల్ విలియం మెక్‌రావెన్ టెక్సస్ యూనివర్సిటీ స్నాతకోత్సవంలో మాట్లాడారు. ప్రపంచాన్ని మార్చాలనుకుంటే ముందు పొద్దున్నే మీ పక్క మీరు సర్దుకోండి అని విద్యార్థులకు చెప్పారు. ఆ మాట ప్రపంచమంతా చుట్టేసింది. 2017లో పుస్తకం కూడా అయింది. రోజు మొదట్లోనే ఒక చిన్న పని పూర్తిచేస్తే, ఆ ఊపు మిగతా పనులకు వస్తుందన్నది ఆయన పాయింట్.

నేను మిమ్మల్ని ఇంకో మెట్టు ఎక్కమంటున్నాను. మీ పక్క మీరు సర్దుకుంటే మీకే సుఖం. అమ్మ చూస్తుంది, భార్య చూస్తుంది, ఒక మెచ్చుకోలు దొరుకుతుంది. కుక్క పరుపు ఉతికితే ఎవరు చూస్తారు? ఎవరూ చూడరు. ఫొటో తీసి స్టేటస్ పెట్టుకునే పని కూడా కాదు. ఉతక్కపోతే వాడు కంప్లయింట్ ఇవ్వడు. దురద పుడితే గోక్కుంటాడు. మీరు ఆఫీసు నుంచి రాగానే మళ్లీ తోక ఊపుకుంటూ ఎదురొస్తాడు.

నోరు తెరిచి అడగలేని ప్రాణికి, అడగకుండానే, టైముకి చేసిపెట్టడం. క్రమశిక్షణకు ఇంతకు మించిన ట్రైనింగ్ లేదు. ఫీజు కూడా లేదు.

ఆ పరుపులో అసలు ఏముంది?

పెద్ద కుక్క రోజులో దాదాపు సగం నిద్రలోనే గడుపుతుంది. పిల్ల కుక్క అయితే ఇంకా ఎక్కువ. అంటే మీ ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ గంటలు వాడుకలో ఉండే బట్ట అదే. మీ దుప్పటి కంటే ఎక్కువ. మీ సోఫా కంటే కూడా ఎక్కువ.

అందులో చేరేవి ఇవి:

- రాలిన బొచ్చు, చర్మపు పొట్టు, చొంగ
- ఒంటి మీది జిడ్డు, వాకింగ్‌లో కాళ్లకంటిన రోడ్డు మురికి
- ముసలి కుక్కలూ పిల్ల కుక్కలూ అయితే మూత్రపు చుక్కలు
- ఫ్లీలు, పిడుదులు, వాటి సంతానం

చివరి లైను దగ్గర కాస్త ఆగుదాం. అసలు కథ అక్కడే ఉంది.

ఫ్లీలంటే బొచ్చులో గబగబా పాకుతూ, పట్టుకోబోతే ఎగిరి దూకే సన్నటి గోధుమరంగు పురుగులు. మీ కంటికి కనిపించే పెద్ద ఫ్లీలు మొత్తం లెక్కలో సుమారు 5 శాతమే. మిగతా 95 శాతం గుడ్లుగా, లార్వాలుగా, ప్యూపాలుగా పరుపులో, కార్పెట్‌లో, నేల సందుల్లో ఉంటాయి. ఆడ ఫ్లీ రోజుకి 40 గుడ్ల దాకా పెడుతుంది. ఆ గుడ్లు బొచ్చుకి అంటుకుని ఉండవు, జారి కింద పడతాయి. ఎక్కడ పడతాయి? వాడు ఎక్కువసేపు ఎక్కడ పడుకుంటే అక్కడ.

కాబట్టి కుక్కకి మాత్రమే మందు వేసి పరుపుని వదిలేస్తే, 5 శాతంతో యుద్ధం చేసి 95 శాతానికి అన్నం పెట్టినట్టే.

అనుమానంగా ఉందా? చెక్ చేయండి. తెల్లటి టిష్యూ పేపర్ తీసుకోండి. నీళ్లలో కాస్త తడపండి. పరుపు మీద ఉన్న నల్లటి సన్న నలకల్ని దానిమీద అద్దండి. మిరియాల పొడి చల్లినట్టు కనిపిస్తాయి. ఒక్క నిమిషం ఆగండి. నలక చుట్టూ తుప్పు రంగు మరక పాకుతోందా? అయితే అది మట్టి కాదు. మీ కుక్క రక్తం. ఫ్లీలు తాగి విసర్జించిన రక్తం. ఆ ఎండిన రక్తమే లార్వాలకు ఆహారం. అంటే ఆ పరుపులో వాటికి బెడ్డూ ఉంది, భోజనమూ ఉంది!

ఇక పిడుదులు. మన ఇళ్లల్లో కనిపించే గోధుమరంగు కుక్క పిడుదు మహా మొండి ఘటం. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కుక్క ఒంటి మీంచి దిగిపోతుంది. పరుపు కిందికో, గోడ పగుల్లోకో, తలుపు చట్రం సందులోకో పాకుతుంది. అక్కడ వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. టిక్ ఫీవర్ అని వెటర్నరీ డాక్టర్లు చెప్పే ఎర్లికియా జబ్బు ఈ పిడుదు కాటుతోనే వస్తుంది. జ్వరం, తిండి మానేయడం, ముక్కులోంచి రక్తం... చూడలేం.

మనుషుల సంగతీ చూడండి. కుక్కకి తామర ఉంటే ఆ పరుపులో ఆడుకునే పిల్లలకూ తామర అంటుకోవచ్చు. గజ్జి పురుగులున్న కుక్క పక్కన పడుకుంటే మనకీ కొన్నాళ్లు దద్దుర్లు, దురద తప్పవు. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే చర్మపు పొట్టు, చొంగలోని ప్రొటీన్లు వాళ్లకి పడకపోవచ్చు.

భయపడ్డారా? భయం అక్కర్లేదు. పని మొదలుపెడితే చాలు.

ముందు ఈ మూడు సాకులు బయట పారేయండి

సాకు 1: "కుక్కేగా, దానికేం తెలుస్తుంది!"
అన్నీ తెలుస్తాయి. వాసన పట్టడంలో మనం వాడి కాలిగోటికి కూడా సరిపోం. పరుపు వదిలేసి చల్లటి బండ మీద పడుకుంటున్నాడంటే ప్రతిసారీ వేడి వల్లే అనుకోకండి. ఒక్కసారి పరుపు చూడండి.

సాకు 2: "టైమ్ లేదు."
రీల్స్ చూడటానికి ఉంది కదా! రోజుకి రెండు నిమిషాలు, వారానికి అరగంట. ఇంతే అడుగుతున్నాను. మెషీన్ తిరిగే టైమ్ మీ టైమ్ కిందికి రాదు.

సాకు 3: "పనావిడ చూసుకుంటుంది."
ఆవిడ మీ ఇంటి పనికి వస్తుంది. కుక్కని తెచ్చుకుంది మీరు. ముద్దు చేయడం మీ వంతు, ఉతకడం ఆవిడ వంతా? ఈ ఒక్క పని మీ చేత్తో చేయండి. ఇంకో లాభం కూడా ఉంది. కొత్త మరక, కొత్త పురుగు, పుండు నుంచి కారిన రసి మీ కంటే ముందు ఎవరికీ కనపడదు. ఉతికే చేతికే జబ్బు మొదట తెలుస్తుంది.

సగం గెలుపు పరుపు ఎంపికలోనే

షాపులో మెత్తగా, బొచ్చుబొచ్చుగా, గుండ్రంగా కనిపించే పరుపు చూసి పడిపోకండి. కొనేముందు ఒకే ప్రశ్న అడగండి: "దీన్ని నేను ప్రతి వారం ఉతకగలనా?" లేదు అనిపిస్తే అక్కడే పెట్టేయండి.

మంచి పరుపుకి ఉండాల్సినవి:

1. జిప్పు ఉన్న కవర్. తీసి ఉతకడానికి వీలుండాలి. జిప్పు లేకపోతే ఉతకడం రేపటికి, ఎల్లుండికి వాయిదా పడుతుంది. మనిషి సంగతి మనకి తెలియదా!
2. లోపల వాటర్‌ప్రూఫ్ పొర. స్పాంజిలోకి మూత్రం దిగిందంటే ఆ వాసన ఇక వదలదు.
3. కాటన్ పైబట్ట. వేడి నీళ్లు తట్టుకుంటుంది, మన ఎండకి త్వరగా ఆరుతుంది.
4. తగినంత మందం. లాబ్రడార్, గ్రేట్ డేన్ లాంటి బరువైన కుక్కలు గట్టి నేల మీదే పడుకుంటే మోచేతుల దగ్గర బొచ్చు రాలి, చర్మం మొద్దుబారి కాయ కాస్తుంది. శుభ్రత కోసం పరుపే తీసేయడం పరిష్కారం కాదు.

బడ్జెట్ లేదా? మీ ఇంట్లోనే బంగారం ఉంది. పాత నేత చీరలతో కుట్టిన బొంత! కాటన్, మెత్తన, ఎన్నిసార్లు ఉతికినా తట్టుకుంటుంది, డాబా మీద వేస్తే మధ్యాహ్నానికల్లా ఆరిపోతుంది. కింద బొంత, పైన పాత లుంగీయో దుప్పటో. రాజభోగం.

బయట వరండాలో పడుకునే కుక్కకి చిన్న నవారు మంచం వేయండి. కింద నుంచి గాలి ఆడుతుంది, వానాకాలం నేల చెమ్మ తగలదు. వారానికోసారి మంచాన్ని ఎండలో నిలబెట్టి, నవారు అల్లిక సందుల్లో పిడుదులున్నాయేమో వెతకండి.

గోనెసంచి మాత్రం వద్దు. చెమ్మ పీలుస్తుంది, దుమ్ము పడుతుంది, సరిగ్గా ఉతకలేం.

రెండు సెట్ల సూత్రం. దీన్ని అండర్‌లైన్ చేసుకోండి. కవర్లు రెండు ఉండాలి. ఒకటి పరుపు మీద, ఒకటి అల్మరాలో. ఒకటే ఉంటే "ఇది తడిగా ఉంటే వాడెక్కడ పడుకుంటాడు పాపం" అని ఉతకడం మానేస్తారు. రెండుంటే ఆ ప్రశ్నే పుట్టదు. మంచి అలవాటు నిలబడాలంటే అడ్డంకుల్ని ముందే తీసేయాలి.

రోజుకి రెండు నిమిషాలు

వాకింగ్ నుంచి రాగానే వరసగా ఈ మూడు:

- కాళ్లు. తడిగుడ్డతో నాలుగు పాదాలూ తుడవండి. వేళ్ల మధ్య కూడా. తర్వాత పొడిగుడ్డతో ఒత్తండి. తడి కాళ్లతో పరుపెక్కనివ్వకండి.
- చెకింగ్. చెవుల వెనక, లోపల, బెల్టు కింద, చంకల్లో, వేళ్ల సందుల్లో వేలితో తడమండి. గట్టిగా గింజలా తగిలితే పిడుదు. చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలి తిప్పకుండా తిన్నగా లాగండి. స్పిరిట్ ఉన్న సీసాలో వేయండి. గోటితో చిదమొద్దు. కిరోసిన్ పోయొద్దు. అగ్గిపుల్ల అసలే వద్దు.
- దులపడం. పై దుప్పటి తీసి దులిపి, తిరగేసి వేయండి.

అయిపోయింది. రెండు నిమిషాలు!

ఆదివారం అరగంట: 8 స్టెప్పులు

స్టెప్ 1: దులపండి. డాబా మీదో, కింద ఖాళీ జాగాలోనో దులపండి. బాల్కనీలోంచి వద్దు. కింది ఫ్లాట్ ఆవిడ ఆరేసిన చీరల మీద మీ టామీ బొచ్చు పడితే ఆదివారమంతా పంచాయితీయే. ఫ్లీలు ఉన్నాయని తెలిస్తే మాత్రం ఎక్కడా దులపొద్దు. చుట్టచుట్టి కవర్లో పెట్టి, నేరుగా మెషీన్‌కో బకెట్‌కో తీసుకెళ్లండి.

స్టెప్ 2: బొచ్చు తీయండి. రబ్బరు గ్లౌజు తొడుక్కుని, కాస్త తడిపి, బట్ట మీద ఒకే వైపు రాయండి. బొచ్చంతా ఉండలు కట్టి వచ్చేస్తుంది. ఈ స్టెప్ వదిలేస్తే ఆ బొచ్చు మెషీన్ ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది.

స్టెప్ 3: మరకల సంగతి ముందు తేల్చండి. రక్తం, వాంతి, విరేచనం మరకల మీద ముందు చల్లటి నీళ్లే పోయండి. మొదటే వేడి నీళ్లు పోస్తే మరక ఇంకా గట్టిపడుతుంది. మూత్రపు మరకకి ఎంజైమ్ క్లీనర్ వాడండి. వాసన పుట్టించే పదార్థాన్నే అది విరగ్గొడుతుంది. సెంటు స్ప్రే వాసనని కప్పుతుంది, అంతే. మీకు కప్పినట్టుంటుంది, వాడికి తెలుస్తూనే ఉంటుంది. మళ్లీ అక్కడే కాలెత్తుతాడు.

స్టెప్ 4: కవర్ తిరగేయండి. లోపలి వైపు బయటికి తిప్పి జిప్పు వేసేయండి. ఇంట్లోవాళ్ల బట్టలతో కలపొద్దు. డ్రమ్ము నిండా కుక్కొద్దు. నీళ్లు తిరగడానికి చోటుండాలి.

స్టెప్ 5: వేడి నీళ్లు. లేబుల్ ఒప్పుకుంటే 60 డిగ్రీల సైకిల్ పెట్టండి. ఫ్లీలు, వాటి గుడ్లు, దుమ్ము పురుగులు ఆ వేడికి చస్తాయి. మీ మెషీన్‌లో హీటర్ లేదా? బకెట్లో బాగా కాగిన నీళ్లు పోసి, డిటర్జెంట్ కలిపి అరగంట నానబెట్టండి. చేతులు జాగ్రత్త. చల్లటి నీళ్లతో మురికి పోతుంది, పిడుదులు మాత్రం చాలావరకు బతికి బయటపడతాయి.

స్టెప్ 6: సబ్బు తక్కువ, జాడింపు ఎక్కువ. వాడు ఆ బట్టని నాకుతాడు, కొరుకుతాడు, మొహం రుద్దుతాడు. కాబట్టి ఘాటు వాసన డిటర్జెంటు వద్దు, ఫ్యాబ్రిక్ కండిషనర్ అసలు వద్దు. ఒక రిన్స్ ఎక్కువే పెట్టండి.

స్టెప్ 7: పూర్తిగా ఆరబెట్టండి. "ఆల్మోస్ట్ ఆరింది" అనే మాట మీ డిక్షనరీలోంచి తీసేయండి. తడి మిగిలితే బూజు, ఫంగస్, ముక్క వాసన. మన ఎండ ఫ్రీ! ఫ్లీ లార్వాలకి చెమ్మ కావాలి, చీకటి కావాలి. ఎండ ఆ రెండూ లాగేస్తుంది. మధ్యలో ఒకసారి తిరగేయండి. కుట్ల దగ్గర, మూలల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. అక్కడ పొడిగా ఉంటేనే లోపలికి తేవాలి.

స్టెప్ 8: పరుపు ఉన్న చోటు. కవర్ ఆరేలోపు ఆ మూల ఊడ్చండి, లేదా వ్యాక్యూమ్ పట్టండి. స్కర్టింగ్ సందులు, గోడ పగుళ్లు వదలొద్దు. చెత్తని వెంటనే కవర్లో కట్టి బయట పారేయండి. పగుళ్లు పూడ్పించండి. చివరగా మెషీన్ ఫిల్టర్ తీసి కడిగి, ఖాళీ డ్రమ్ముని ఒకసారి వేడి నీళ్లతో తిప్పండి.

లోపలి ఫోమ్ మెషీన్‌లో వేయలేకపోతే బేకింగ్ సోడా పల్చగా చల్లి, 20 నిమిషాలాగి, ఏమీ మిగలకుండా వ్యాక్యూమ్ చేసి, ఎండలో పెట్టండి. ఆ పని అయ్యేదాకా వాడిని దగ్గరికి రానివ్వొద్దు.

మీ చార్ట్ ఇదిగో

- రోజూ: కాళ్లు తుడవడం, పిడుదుల చెకింగ్, దుప్పటి దులపడం
- వారానికోసారి: కవర్, దుప్పటి ఉతకడం, ఆ మూల శుభ్రం చేయడం
- నెలకోసారి: లోపలి పరుపు ఎండలో పెట్టడం, ఉతకగలిగే బొమ్మలు ఉతకడం, బెల్టు కడగడం
- ఆర్నెల్లకోసారి: ఆడిట్! పరుపు అణిగిపోయిందా, చిరిగిందా, ఉతికినా వాసన పోవట్లేదా? అయితే మార్చేయండి

ఉతికే రోజు ఒక చిట్కా. అన్నీ ఒకేసారి ఉతికేస్తే కొన్ని కుక్కలు కంగారు పడతాయి. వాడి సొంత వాసనే వాడికి ధైర్యం. కవర్ ఈ రోజు ఉతికితే, చిన్న దుప్పటి రెండు రోజులాగి ఉతకండి. ఫ్లీలో, చర్మరోగమో ఉంటే మాత్రం మొహమాటం లేదు. అన్నీ ఒకే రోజు, వేడి నీళ్లలో!

ఇవి అస్సలు చేయొద్దు

మంచి ఉద్దేశంతో చేసే తప్పులు ఇవి. ఈ రోజుతో ఆపేయండి.

- ఫినాయిల్ చల్లి తుడవడం. ఘాటుగా ఉంటే శుభ్రమని మన నమ్మకం. తడి ఫినాయిల్ కుక్క పాదాల్ని, చర్మాన్ని మండిస్తుంది, నాకితే కడుపులోకి పోతుంది. ఇంట్లో పిల్లి కూడా ఉంటే దానికి మరీ ప్రమాదం.
- నాఫ్తలీన్ ఉండలు పరుపు కింద పెట్టడం. కుక్కకి అది విషం. నోట్లో వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.
- టీ ట్రీ ఆయిల్ చుక్కలు. "నేచురల్" అని రాసి ఉన్నా సరే. గాఢమైన నూనె కుక్క ఒంటికి పడదు.
- మూత్రపు తడి మీద బ్లీచింగ్. మూత్రంలోని అమోనియాతో కలిస్తే విషవాయువు పుడుతుంది. బ్లీచ్‌ని వెనిగర్‌తో కూడా కలపకూడదు.
- పశువుల మందు, చేల మందు పరుపు మీద కొట్టడం. ఎవరు చెప్పినా వద్దు. డాక్టర్ రాసిన మందే, చెప్పిన మోతాదులోనే.

వానాకాలం: మీ అలవాటుకి అసలు పరీక్ష

ఎండాకాలంలో ఎవరైనా ఉతుకుతారు. జులైలో హైదరాబాద్‌లో ముసురు పట్టినప్పుడు, అక్టోబరు, నవంబరులో కోస్తాలో తుపాను వానలు పడినప్పుడు ఉతికేవాడే మొనగాడు.

ప్లాన్ ఇలా మార్చండి:

1. రెండు సెట్లు మూడు చేయండి.
2. మందపాటి దుప్పట్లు దాచేసి, పల్చటి కాటన్ వేయండి. ఫ్యాను కింద కూడా ఆరతాయి.
3. ఆరీ ఆరని కాటన్ దుప్పటిని వేడి ఇస్త్రీతో పూర్తిచేయండి.
4. తడిసి వచ్చిన కుక్కని ముందు తువ్వాలుతో ఒత్తండి. కడుపు కింద, చెవుల దగ్గర మరవద్దు. ఆ తువ్వాలు పరుపు పక్కనే మేకుకి తగిలించి ఉంచండి.
5. వర్షపు నీరు నిలిచిన చోట నడిచొస్తే కాళ్లు సబ్బుతో కడగండి. ఎలకల మూత్రం కలిసిన నీళ్లతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. మనుషులకీ వస్తుంది. ఆ క్రిమి చెమ్మలో బతుకుతుంది, ఎండితే బతకదు. పొడి పరుపు ఎందుకంటున్నానో అర్థమైందా? టీకా సంగతి కూడా డాక్టర్‌ని అడగండి.

పాత జబ్బుల విషయంలో ఇంకో జాగ్రత్త. ఇంట్లో కుక్కకి పార్వో వచ్చి ఉంటే, ఆ పరుపు కొత్త పిల్లకి వేయకండి. పార్వో వైరస్ పరిసరాల్లో నెలల తరబడి ఉంటుంది, మామూలు డిటర్జెంటుకి లొంగదు. తామర కలిగించే ఫంగస్ కూడా బట్టల్లో నెలలు బతుకుతుంది. సెంటిమెంట్ పక్కన పెట్టి ఆ పరుపు పారేయండి.

ఒక్కోసారి ఊరెళ్లి రెండు వారాల తర్వాత తలుపు తీయగానే ఫ్లీలు ఒక్కసారిగా కాళ్లకి పట్టుకుంటాయి. ఖాళీ ఇంట్లో ఎక్కణ్ణుంచి వచ్చాయి? గూళ్లలో ముడుచుకుని ఉన్న ప్యూపాలు మీ అడుగుల అదురుకి, ఒంటి వేడికి లేచాయి. అందుకే ఊరెళ్లేముందే పరుపు ఉతికి, ఆరబెట్టి, కవర్లో మూతి కట్టి వెళ్లండి.

అలవాటు నిలబడేదెలా?

ఇప్పుడు అసలు పాయింటుకి వచ్చాం. ఏం చేయాలో తెలిసింది. మూడో ఆదివారం కూడా చేసేదెలా?

ఒకటి: పాత అలవాటుకి కొత్త అలవాటు ముడేయండి. "వీలున్నప్పుడు ఉతుకుతా" అనేది ప్లాన్ కాదు. "ఆదివారం టిఫిన్ ప్లేటు సింకులో పెట్టగానే పరుపు జిప్పు తీస్తా." ఇది ప్లాన్. స్టాన్‌ఫర్డ్ పరిశోధకుడు బి.జె. ఫాగ్ చెప్పే పద్ధతి ఇదే. ఎలాగూ చేసే పని పక్కనే కొత్త పనిని కూర్చోబెట్టండి.

రెండు: మొదటి అడుగు మరీ చిన్నదిగా పెట్టండి. ఉతకాలి అనుకోకండి. జిప్పు తీయాలి అనుకోండి. జిప్పు తీశాక కవర్ దానంతటదే మెషీన్ దాకా వెళ్తుంది.

మూడు: ఓపిక పట్టండి. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద అధ్యయనం చేసింది. కొత్త అలవాటు ఆలోచించకుండా చేసే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలాయి. కొందరికి 254 రోజులు పట్టొచ్చని లెక్క తేలింది. ఇంకో మంచి వార్త ఏమిటంటే, మధ్యలో ఒక్కరోజు తప్పినా పెద్ద నష్టం లేదు. కాబట్టి ఒక ఆదివారం పెళ్లికి వెళ్లారా? సోమవారం ఉతకండి. "ఎలాగూ తప్పింది కదా" అని నెల వదిలేయకండి.

నాలుగు: ఇంట్లో పని పంచండి. పదేళ్ల బాబుకి దుప్పటి దులిపే డ్యూటీ. కాలేజీ అమ్మాయికి పిడుదుల చెకింగ్. నాన్నకి మెషీన్. తాతగారికి ఎండ చూసి తిరగేసే బాధ్యత. కుక్క కావాలని గోల చేసింది ఎవరు? వాళ్ల పేరు చార్టులో ముందు రాయండి! పిల్లలకి బాధ్యత మీద లెక్చర్ ఇవ్వనక్కర్లేదు, వారం వారం ఒక దుప్పటి ఇవ్వండి.

అయిదు: టిక్కు పెట్టండి. ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో ఉతికిన ఆదివారం మీద ఎర్ర పెన్నుతో టిక్కు. నెలకి నాలుగు టిక్కులు. ఖాళీ గడి కళ్లకి గుచ్చుకుంటుంది. గుచ్చుకోవాలి కూడా!

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

శుభ్రత మందుకి బదులు కాదు, మందు శుభ్రతకి బదులు కాదు. రెండూ కావాలి. ప్రతి వారం ఉతుకుతున్నా ఈ కింది వాటిలో ఏది కనిపించినా వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి:

- ఆగకుండా గోక్కోవడం, తోక మొదట్లో కొరుక్కోవడం
- గుండ్రంగా బొచ్చు ఊడిన మచ్చలు
- స్నానం చేయించిన రెండ్రోజులకే పుల్లటి వాసన
- చిగుళ్లు పాలిపోవడం, జ్వరం, నీరసం
- ఎప్పుడూ లేనిది పరుపులోనే మూత్రం పోయడం

చివరిదానికి వాడిని తిట్టకండి. అది అల్లరి కాకపోవచ్చు. కిడ్నీ, షుగరు, మూత్రనాళ ఇన్ఫెక్షన్ ఏదైనా కావచ్చు. తిట్టు కంటే టెస్టు ముఖ్యం.

ఇక మీ వంతు

మీరు ఇంతదూరం చదివారంటే మీలో మారాలనే కోరిక ఉంది. నాకు సందేహం లేదు. ఈ ఆదివారం కవర్ ఉతకండి. వచ్చే ఆదివారం రెండో సెట్ వేయండి. రెండు నెలలు తిరిగేసరికి ఆ పని మీకు పనిలా అనిపించదు. అప్పుడు మీలో ఒక మార్పు గమనిస్తారు. బీరువా, ఆఫీసు టేబులు, బైకు డిక్కీ... వాసన వచ్చేదాకా, ఎవరో అనేదాకా ఆగడం మానేస్తారు. టైము రాగానే చేసేస్తారు.

కుక్క తోక వంకర తీయలేమని సామెత. తీయక్కర్లేదు, దాన్ని అలాగే ఊపుకోనివ్వండి. మార్చుకోవాల్సింది మీ ఆదివారం. లేవండి, వెళ్లి ఆ జిప్పు లాగండి!